పదవి ఉంది, పట్టు లేదు: విశ్వవిద్యాలయాల్లో సమానత్వ సిబ్బంది

భారతీయ విశ్వవిద్యాలయంలో సమానత్వానికి సంబంధించిన పని ఒకే గదిలో జరగదు. రిజర్వేషన్ల రోస్టర్ చూసే లయజన్ ఆఫీసర్, ఎస్సీ ఎస్టీ సెల్, వివక్షపై ఫిర్యాదులు తీసుకునే అధికారి, లైంగిక వేధింపులపై విచారణ జరిపే అంతర్గత కమిటీ, దివ్యాంగ విద్యార్థుల అవసరాలు చూసే విభాగం, ఇలా ఒక్కొక్కటీ ఒక్కో చట్టం నుంచో, ఒక్కో ఉద్యమం నుంచో, కొన్నిసార్లు ఒక్కో విషాదం నుంచో పుట్టుకొచ్చింది. సీటు దక్కేలా చూడటం రాజ్యాంగమూ చట్టాలూ చేసిన పని. చేరిన విద్యార్థి డిగ్రీ చేతపట్టుకుని బయటికి వెళ్లేదాకా, నియామకం పొందిన అధ్యాపకుడు ప్రొఫెసర్ అయ్యేదాకా దారి మూసుకుపోకుండా చూడటం ఈ సిబ్బంది పని. నలభై ఏళ్లు దాటిన ఈ ఏర్పాటును మొత్తంగా పరిశీలిస్తే పదవులకు కొదవ కనిపించదు. ఆ పదవుల్లో ఉన్నవారికి తగిన సమయం, సమాచారం, పైవారిని నిలదీయగల స్వతంత్రత ఇవ్వడంలోనే లోటంతా ఉంది.

ఈ ఏర్పాటు చరిత్రలో మొదటిది లెక్కల దశ. విశ్వవిద్యాలయాల్లో ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక సెల్‌లు నెలకొల్పడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 1983లో సహాయం ప్రారంభించింది. ఏ కోర్సులో ఎందరు చేరారు, ఏ హాస్టల్లో ఎందరికి గది దొరికింది, ఏ కేడర్‌లో ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయి వంటి వివరాలు సేకరించి పైకి పంపడం సెల్ ప్రధాన విధి అయింది. 2006 నాటి చట్టం కేంద్ర విద్యాసంస్థల ప్రవేశాల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం, ఓబీసీలకు 27 శాతం సీట్లు కేటాయించింది. 2019లో 103వ రాజ్యాంగ సవరణ ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు 10 శాతం చేర్చింది. ప్రతి మార్పుతోనూ సెల్ నింపాల్సిన పట్టికలు పెరిగాయి. పట్టికలు నింపే చేతులు మాత్రం ఆ మేరకు పెరగలేదు.

ఈ లెక్కల పనిని గుమాస్తా పనిగా తీసిపారేయడం పెద్ద పొరపాటు. దాని విలువ రోస్టర్ వివాదంలో తేటతెల్లమైంది. రోస్టర్ అంటే ఏ పోస్టు ఏ వర్గానికో వరుసగా చెప్పే రిజిస్టర్. విశ్వవిద్యాలయం మొత్తాన్ని ఒక యూనిట్‌గా తీసుకుని 200 పోస్టుల రోస్టర్ నడిపితే ఎస్సీలకు 30, ఎస్టీలకు 15, ఓబీసీలకు 54 పోస్టులు వస్తాయి. ఒక్కో విభాగాన్ని విడిగా యూనిట్‌గా తీసుకుంటే కథ మారిపోతుంది. 13 పాయింట్ల రోస్టర్‌గా పేరుపడిన ఆ పద్ధతిలో ఓబీసీకి మొదటి పోస్టు నాలుగో స్థానంలో, ఎస్సీకి ఏడో స్థానంలో, ఎస్టీకి పద్నాలుగో స్థానంలో వస్తుంది. మూడే పోస్టులున్న విభాగంలో ఈ మూడు వర్గాల్లో ఎవరికీ ఏమీ రాదు. ఆరు పోస్టులున్న విభాగంలో దళిత అధ్యాపకుడికి చోటు లేదు. పద్నాలుగు పోస్టులున్న విభాగం ఎక్కడో గాని ఉండదు కనుక ఆదివాసీ అభ్యర్థి తరాల తరబడి వేచి ఉండాలి. శాతాలు అవే, చట్టం అదే, లెక్కించే యూనిట్ మాత్రమే మారింది.

అలహాబాద్ హైకోర్టు 2017లో విభాగమే యూనిట్ అని తీర్పు చెప్పింది. దాన్ని అనుసరించి యూజీసీ 2018 మార్చిలో విశ్వవిద్యాలయాలకు ఆదేశాలు పంపింది. దేశవ్యాప్తంగా అధ్యాపకులు, విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. చివరికి 2019 మార్చిలో ఆర్డినెన్స్, ఆ తర్వాత అదే ఏడాది చట్టం వచ్చి విశ్వవిద్యాలయాన్నే యూనిట్‌గా పునరుద్ధరించాయి. వరుస సంఖ్యల వెనుక దాగిన అన్యాయాన్ని ముందుగా గుర్తించి లెక్క కట్టి చూపినవారు రోస్టర్ తెలిసిన మనుషులే. రోస్టర్ చదవడం రాని లయజన్ ఆఫీసర్ ఉన్నచోట రిజర్వేషన్‌కు కాపలా లేనట్టే.

రోస్టర్ సరిగా ఉన్నంత మాత్రాన పోస్టు నిండుతుందని కాదు. ఇంటర్వ్యూ అయ్యాక ‘తగిన అభ్యర్థి దొరకలేదు’ అని రాసి పోస్టును వదిలేయవచ్చు. క్యాంపస్‌ల్లో దీన్ని ‘ఎన్‌ఎఫ్‌ఎస్’ అంటారు. అలా మిగిలినవి బ్యాక్‌లాగ్ పోస్టులవుతాయి. బ్యాక్‌లాగ్ మళ్లీ ప్రకటన కోసం ఎదురుచూస్తుంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఎంపిక కమిటీలో అణగారిన వర్గాల ప్రతినిధి ఒకరు ఉండాలి, కానీ ఆ ప్రతినిధిని ఎంచుకునేది వైస్ చాన్సలరే. లయజన్ ఆఫీసర్ ‘ఎన్‌ఎఫ్‌ఎస్’ ఎందుకు రాశారని కారణం అడగగలడా, అడిగితే సమాధానం వస్తుందా అన్నదాన్ని బట్టే ఆ పదవి విలువ తేలుతుంది. చాలాచోట్ల ఆయన పాత్ర ఫైలు మీద సంతకంతో ముగుస్తుంది.

రెండో దశ అనుభవాల దశ. ఢిల్లీలోని ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పట్ల వివక్ష ఆరోపణలపై 2006లో ఆచార్య సుఖదేవ్ థోరాట్ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల కమిటీ ఏర్పడింది. 2007లో అది ఇచ్చిన నివేదిక ఒక ఉన్నత విద్యాసంస్థలో కుల వివక్ష తరగతి గదిలో, ప్రయోగశాలలో, మౌఖిక పరీక్షలో, హాస్టల్ వరండాలో, క్రీడా మైదానంలో ఎలా పనిచేస్తుందో నమోదు చేసింది. సీట్ల లెక్క సరిపోయినచోట కూడా విద్యార్థి ఒంటరిగా మిగిలిపోవచ్చని అధికారిక నివేదిక ఒకటి చెప్పడం అప్పటికి అరుదు. సమాన అవకాశాల కోసం ప్రత్యేక కార్యాలయం ఉండాలని కమిటీ సూచించింది.

ఆ ఆలోచన 2012 యూజీసీ నిబంధనల్లో రూపు దిద్దుకుంది. ప్రతి సంస్థా సమాన అవకాశాల విభాగం పెట్టాలి, వివక్ష నిరోధక అధికారిని నియమించాలి. విశ్వవిద్యాలయంలో ఆ అధికారి ప్రొఫెసర్ స్థాయికి తగ్గకూడదు. కులం, మతం, భాష, జాతి, లింగం, వైకల్యం కారణంగా జరిగే వివక్ష అంతా ఆయన పరిధిలోకి వస్తుంది. విద్యార్థిని కులం పేరుతో పిలవడం, తక్కువ మార్కులు వేయడం, పరిశోధనకు సౌకర్యాలు నిరాకరించడం వంటివన్నీ కాగితం మీద నిషిద్ధమయ్యాయి. అయితే ఉల్లంఘించిన సంస్థపై కఠిన చర్యకు ఆ నిబంధనల్లో పదును లేదు. అనేక సంస్థల్లో అధికారి పేరు వెబ్‌సైటుకే పరిమితమైంది.

ఈ మధ్యలోనే మరికొన్ని బాధ్యతలు వచ్చిపడ్డాయి. 2013 చట్టం, దాని వెన్నంటి వచ్చిన యూజీసీ 2015 నిబంధనలు లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీని తప్పనిసరి చేశాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించింది, గరిష్ఠ వయోపరిమితిలో అయిదేళ్ల సడలింపు ఇచ్చింది, సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించమంది. సుప్రీంకోర్టు 2014 తీర్పు, 2019 చట్టం ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులను గుర్తించాయి. వీటన్నిటికీ ఒక్కో నోడల్ ఆఫీసర్ కావాలి. ఒకే అధ్యాపకుడు మూడు నాలుగు బాధ్యతలు మోయడం, రెండేళ్లకోసారి ఆ బాధ్యతలు వేరొకరికి మారడం మామూలైపోయింది.

సిబ్బంది సమస్యకు మూలం ఇదే. ఈ పని భారతీయ విశ్వవిద్యాలయంలో వృత్తి కాదు, ‘అదనపు బాధ్యత’. రసాయన శాస్త్రం బోధించే ఆచార్యుడు ఉదయం ప్రయోగశాల చూసుకుని, మధ్యాహ్నం వివక్ష ఫిర్యాదు వినాలి. సాక్ష్యం ఎలా నమోదు చేయాలో, ఏడుస్తున్న విద్యార్థితో ఎలా మాట్లాడాలో, గోప్యత ఎలా కాపాడాలో ఆయనకు ఎవరూ నేర్పరు. సెల్‌లో ఒక సెక్షన్ ఆఫీసరో, కాంట్రాక్టు మీద తీసుకున్న ఒక సహాయకుడో ఉంటే అదే ఎక్కువ. దళిత, ఆదివాసీ అధ్యాపకులు కొద్దిమందే ఉన్న సంస్థలో ప్రతి కమిటీకీ వారి పేర్లే వేస్తారు. విద్యార్థులు కూడా అధికారిక విభాగం కంటే ముందు వారి గది తలుపే తడతారు. ఫెలోషిప్ ఆగితే సలహా, గైడ్ పలకకపోతే మధ్యవర్తిత్వం, మెస్ బకాయికి చేబదులు, అర్ధరాత్రి ఫోను ఎత్తడం, ఇదంతా వారి మీదే పడుతుంది. పదోన్నతి దరఖాస్తులో పరిశోధన పత్రాలకు ఉన్న బరువు ఈ శ్రమకు ఉండదు. వివక్షను తొలగించే భారాన్ని వివక్షకు గురైన సమూహాల మీదే మోపడం అన్యాయం.

హైదరాబాద్ విశ్వవిద్యాలయ చరిత్ర ఈ లోపాల ఫలితాన్ని చూపుతుంది. 2008లో పరిశోధక విద్యార్థి సెంథిల్ కుమార్ మరణించినప్పుడు ఆచార్య వినోద్ పావరాల అధ్యక్షతన కమిటీ వేశారు. గైడ్ కేటాయింపు, కోర్స్‌వర్క్, ఫెలోషిప్ వంటి సాధారణ పాలనా విషయాలే పేద విద్యార్థికి ఎంత ప్రాణాంతకమవుతాయో అప్పుడే చర్చకు వచ్చింది. 2016 జనవరి 17న రోహిత్ వేముల మరణించాడు. అంతకుముందు నెలలో అతన్నీ మరో నలుగురు దళిత విద్యార్థులనూ హాస్టల్ నుంచి బహిష్కరిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. అతని ఫెలోషిప్ డబ్బు నెలల తరబడి అందలేదు. ఆ ఉత్తర్వును ఆపగల అధికారం, ఆ డబ్బు వెంటనే ఇప్పించగల అధికారం క్యాంపస్‌లోని ఏ సమానత్వ విభాగానికీ లేదు. ఇతర చోట్లా ఇలాంటి విషాదాలే. 2019 మే 22న ముంబైలోని నాయర్ ఆసుపత్రి వైద్య కళాశాలలో పీజీ చదువుతున్న ఆదివాసీ వైద్యురాలు పాయల్ తడ్వీ ప్రాణాలు తీసుకుంది. సీనియర్లు వేధిస్తున్నారని ఆమె కుటుంబం ముందే చెప్పుకుంది.

ఆ ఇద్దరి తల్లులు రాధిక వేముల, ఆబేదా సలీం తడ్వీ 2019లో సుప్రీంకోర్టును ఆశ్రయించారు. 2012 నిబంధనలు ఉన్నాయి కదా, అవి ఎందుకు అమలు కావడం లేదన్నది వారి ప్రశ్న. ఈ వ్యాజ్యం క్రమంలో యూజీసీ అందించిన గణాంకాలను జాగ్రత్తగా చదవాలి. 2019-20లో 173గా ఉన్న కుల వివక్ష ఫిర్యాదులు 2023-24 నాటికి 378కి పెరిగాయి. 704 విశ్వవిద్యాలయాలు, 1,553 కళాశాలల నుంచి అయిదేళ్లలో వచ్చిన మొత్తం ఫిర్యాదులు 1,160. వీటిలో 90 శాతానికి పైగా పరిష్కరించామన్నారు. పత్రికల దృష్టి పెరుగుదల మీదే నిలిచింది. కానీ 2,257 సంస్థల్లో అయిదేళ్లకు 1,160 ఫిర్యాదులంటే సగటున సంస్థకు ఒక్కటి కూడా లేదు. వివక్ష అంత అరుదైనదని ఎవరూ నమ్మరు. ఫిర్యాదు పెట్టే దారి తెలియకపోవడం, తెలిసినా భయం ఉండటం ఈ అంకెలో కనిపిస్తాయి. థీసిస్ మీద సంతకం పెట్టాల్సిన గైడ్ మీద, ప్రాక్టికల్ మార్కులు వేసే అధ్యాపకుడి మీద విద్యార్థి ఎవరి అండ చూసుకుని ఫిర్యాదు చేయగలడు? ఫిర్యాదులు పెరగడం కొంతవరకు విశ్వాసం పెరిగిందనడానికి గుర్తు కావచ్చు. సమానత్వ విభాగం పనితీరును ‘ఫిర్యాదులు లేవు’ అనే నివేదికతో కొలవడం మానుకోవాలి.

మౌనంగా వెళ్లిపోయేవారి సంఖ్య ఇంకా పెద్దది. కేంద్ర విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి అయిదేళ్లలో 13,626 మంది ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు మధ్యలో చదువు మానేశారని 2023 డిసెంబరులో కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. వేరే కోర్సులకు, వేరే సంస్థలకు మారినవారూ ఇందులో ఉంటారన్న వివరణ ఉంది. ఎవరు మారారు, ఎవరు మానేశారు, ఎవరు మానేయక తప్పని పరిస్థితిలో పడ్డారు అన్నది తేల్చగలిగేది వెళ్లేవారితో మాట్లాడే మనిషి ఉన్నప్పుడే. అలాంటి మనిషిని పెట్టిన సంస్థలు తక్కువ.

సుప్రీంకోర్టు ఒత్తిడి తర్వాత యూజీసీ 2025లో ముసాయిదా ప్రకటించి, 2026 జనవరిలో కొత్త నిబంధనలు నోటిఫై చేసింది. వీటిలో సమాన అవకాశాల కేంద్రం, సమానత్వ కమిటీ, 24 గంటల హెల్ప్‌లైన్, క్యాంపస్‌లో తిరిగే సమానత్వ బృందాలు ఉన్నాయి. ముసాయిదాలో లేని ఓబీసీలను తుది నిబంధనల్లో చేర్చారు. ఫిర్యాదు అందిన 24 గంటల్లో కమిటీ సమావేశం కావాలి, 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. కుల వివక్ష నిర్వచనం ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకే పరిమితమైందంటూ కొందరు కోర్టుకెళ్లారు. నిరసనలు జరిగాయి. 2026 జనవరి 29న సుప్రీంకోర్టు ఈ నిబంధనలు అస్పష్టంగా ఉన్నాయని, దుర్వినియోగం కావచ్చని అంటూ అమలు నిలిపివేసింది. అప్పటిదాకా ఉన్న 2012 నిబంధనలనే కొనసాగించమంది.

నిర్వచనం మీద జరిగిన వాదోపవాదాల్లో ఇంకొక లోపం మరుగున పడింది. కొత్త సమానత్వ కమిటీకి అధ్యక్షత వహించేది సంస్థాధిపతే. లైంగిక వేధింపులపై 2015 నిబంధనలు దీనికి పూర్తిగా భిన్నమైన మార్గం పట్టాయి. వైస్ చాన్సలర్, రిజిస్ట్రార్, డీన్లు, విభాగాధిపతులు అంతర్గత కమిటీలో సభ్యులు కాకూడదని అవి స్పష్టంగా చెప్పాయి. బయటి సభ్యుడు ఉండాలన్నాయి, విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదుల్లో ఎన్నికైన విద్యార్థి ప్రతినిధులకు చోటిచ్చాయి. లైంగిక వేధింపుల విషయంలో ఒప్పుకున్న సత్యాన్ని కుల వివక్ష విషయంలో ఎందుకు ఒప్పుకోలేదు? ఫిర్యాదు తరచూ పాలనా నిర్ణయం మీదే ఉంటుంది. ఆ నిర్ణయం తీసుకున్నవారే తీర్పరులైతే 15 రోజులైనా, 15 నెలలైనా ఫలితం ఒకటే. స్వతంత్ర కమిటీలకూ ఆపదలు లేకపోలేదు. 1999లో జేఎన్‌యూలో ఎన్నికైన సభ్యులతో ఏర్పడి దేశానికి నమూనాగా నిలిచిన లైంగిక వేధింపుల విచారణ కమిటీ జీఎస్‌క్యాష్‌ను 2017లో రద్దు చేసి, ఆ స్థానంలో అంతర్గత కమిటీని పెట్టారు.

దివ్యాంగ విద్యార్థుల విభాగాల్లో పరిస్థితి కొంత మెరుగు, ఎందుకంటే అక్కడ అవసరం కంటికి కనిపిస్తుంది, నియమమూ నిర్దిష్టంగా ఉంటుంది. పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం, లేఖకుడి సహాయం 2018 మార్గదర్శకాల్లో ఇచ్చారు. ర్యాంపు కట్టారో లేదో ఎవరైనా చూడగలరు. అయినా లిఫ్టు లేని మూడో అంతస్తులో తరగతి పెట్టే టైమ్‌టేబుల్ తయారయ్యే ముందు ఆ విభాగాన్ని ఎవరూ సంప్రదించరు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ పనికి ఇటీవల కొత్త బరువు చేరింది. ఎస్సీ వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, తెలంగాణ 2025 ఏప్రిల్ 14 నుంచి 15 శాతాన్ని 1, 9, 5 శాతాలుగా మూడు గ్రూపులకు పంచింది. ఆంధ్రప్రదేశ్ 1, 6.5, 7.5 శాతాలుగా విభజించింది. ప్రతి రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ప్రవేశాల, నియామకాల రోస్టర్లు కొత్తగా రాయాలి. దశాబ్దాల ఉద్యమంతో సాధించుకున్న మార్పు ఒక తప్పు రిజిస్టర్‌తో వమ్ము కావచ్చు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే సర్టిఫికెట్లు ఆపేసే కళాశాలల సంగతి రెండు రాష్ట్రాల్లోనూ తల్లిదండ్రులకు బాగా తెలుసు. ఉద్యోగం చేతికొచ్చాక సర్టిఫికెట్ చేతికి రాని పిల్లవాడి తరఫున యాజమాన్యంతో మాట్లాడే బాధ్యత ఏ సెల్ విధుల్లోనూ స్పష్టంగా లేదు.

విదేశాల అనుభవం రెండు రకాల పాఠాలు చెబుతుంది. అమెరికాలో ఈ పని పూర్తిస్థాయి వృత్తిగా ఎదిగింది. పెద్ద విశ్వవిద్యాలయాల్లో వైస్ ప్రెసిడెంట్ స్థాయి అధికారి, పదుల సంఖ్యలో సిబ్బంది ఉండేవారు. తెలుగు విద్యార్థులు ఎక్కువగా వెళ్లే ఆ దేశంలో కులం కూడా ఈ కార్యాలయాల పరిధిలోకి వచ్చింది. బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లో, కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయం 2022లో కులాన్ని వివక్ష నిషేధ జాబితాలో చేర్చాయి. ఆ తర్వాత గాలి మారింది. 2023 జూన్‌లో ప్రవేశాల్లో జాతిని పరిగణించడాన్ని అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. టెక్సాస్ చట్టం 2024 జనవరి నుంచి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి కార్యాలయాలను నిషేధించింది. ఆస్టిన్‌లో విభాగం మూతపడి ఉద్యోగాలు పోయాయి. 2025లో మిషిగన్ విశ్వవిద్యాలయం కూడా తన కార్యాలయాన్ని మూసేసింది. విధాన ప్రకటనల మీద నిలబడిన కార్యాలయం రాజకీయం మారగానే కూలుతుందన్నది ఒక పాఠం. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం ప్రభుత్వ సంస్థల మీద పెట్టిన చట్టబద్ధ విధి, సమాచారం ప్రచురించాలన్న షరతు ఇంత సులభంగా చెరిగిపోలేదు.

రెండో పాఠం పని స్వభావం గురించి. బ్రిటన్, ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి సిబ్బందిని కలిసి సారా అహ్మద్ 2012లో ప్రచురించిన అధ్యయనం, సమానత్వానికి కట్టుబడి ఉన్నామన్న ప్రకటనే అసలు పనికి బదులుగా చెలామణీ అవుతుందని చూపింది. సంస్థల్లో ఇలాంటి కార్యక్రమాలను ఏళ్ల తరబడి పరిశీలించిన ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కలేవ్ నిర్బంధ శిక్షణ తరగతుల వల్ల ఒరిగేది తక్కువని, నిర్దిష్ట బాధ్యత, జవాబుదారీ ఉన్నచోట ఫలితం ఎక్కువని తేల్చారు. ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతి సభ, ఒక ప్రతిజ్ఞ, ఒక వర్క్‌షాపుతో ఏడాది పని ముగించే భారతీయ సెల్‌లకు ఇది నేరుగా వర్తిస్తుంది.

కావలసిన మార్పులు కొత్తవీ కావు, ఖరీదైనవీ కావు. ఈ పనికి పూర్తికాలపు, శాశ్వత ఉద్యోగులు ఉండాలి. వారికి చట్టం, సాక్ష్య సేకరణ, కౌన్సెలింగ్‌లో శిక్షణ ఉండాలి. ఫిర్యాదు విచారించేవారు వైస్ చాన్సలర్ కింద కాకుండా, బయటి సభ్యులున్న స్వతంత్ర వ్యవస్థకు జవాబు చెప్పాలి. హాస్టల్ బహిష్కరణ, ఫెలోషిప్ నిలిపివేత వంటి ఉత్తర్వులను విచారణ పూర్తయ్యేదాకా ఆపే అధికారం వారికి ఉండాలి. రోస్టర్ రిజిస్టర్, ‘ఎన్‌ఎఫ్‌ఎస్’ కారణాలు, మధ్యలో మానేసినవారి వివరాలు ఏటా బయటపెట్టాలి. 2021-22 అఖిల భారత సర్వే ప్రకారం దేశంలో ఉన్నత విద్య చదువుతున్న ఎస్సీ విద్యార్థులు 66 లక్షలకు పైగా, ఎస్టీ విద్యార్థులు 27 లక్షలు, ఓబీసీ విద్యార్థులు 1.63 కోట్లు. ఇంతమంది చదువు భద్రతను తీరిక వేళల్లో చేసే అదనపు బాధ్యతకు వదిలేయడాన్ని యూజీసీ, రాష్ట్ర ప్రభుత్వాలు ఇకనైనా ఆపాలి. 2012 నిబంధనలు అమల్లో ఉన్నంతకాలం, కనీసం వాటి కింద నియమితుడైన అధికారికి ఒక గది, ఇద్దరు సిబ్బంది, ఫైలు తెప్పించుకునే హక్కు ఇవ్వడానికి ఏ కోర్టు తీర్పు కోసమూ ఎదురుచూడనక్కర్లేదు.